మాస్టారు అతికించిన చీటీలు

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా మనవడు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ, "తాతయ్యా, ఆఫ్రికా వాళ్ళకి కూడా తెల్లవాళ్ళే స్వాతంత్ర్యం ఇచ్చేసి వెళ్ళిపోయారట కదా" అన్నాడు. ఇచ్చేసి! కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడు. ఘనా ఎక్కడుందో తెలియదు. లుముంబా పేరు చెవిన పడనే లేదు. వాణ్ణొక్కణ్ణే అని ఏం లాభం, వాడి ఈడు వాళ్ళందరిదీ ఇదే వరస.

మా రోజుల్లో ఇలా లేదు. 1960లో నేను గుంటూరు జిల్లాలో ఓ పల్లెటూరి హైస్కూల్లో థర్డ్ ఫారం చదువుతున్నాను. క్లాసు గోడకి గుడ్డ వేసి అంటించిన పాత ఆఫ్రికా పటం ఒకటి వేలాడుతుండేది. బ్రిటిష్ వాళ్ళ ముక్కలు గులాబీ రంగు, ఫ్రెంచి వాళ్ళవి ఊదా. మా సోషల్ మాస్టారు పంచాయతీ రేడియో దగ్గర అరుగు మీద కూర్చుని ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు వినేవారు. కొత్త దేశం కబురు వస్తే మర్నాడు చిన్న చీటీ మీద ఎర్రసిరాతో దాని పేరు రాసి, ఇంట్లో కాచి తెచ్చిన మైదా జిగురుతో పటం మీద అతికించేవారు. ఆ ఏడు పదిహేడు చీటీలు పడ్డాయి. జనవరి 1న కామెరూన్‌తో మొదలై నవంబరు 28న మారిటానియాతో ముగిశాయి. ఒక్క ఆగస్టులోనే ఎనిమిది. 1న డహోమీ, 3న నైజర్, 5న అప్పర్ వోల్టా, 7న ఐవరీ కోస్ట్... ఒక చీటీ తడి ఆరకముందే ఇంకోటి. సంవత్సరాంతానికి పశ్చిమాన ఊదా రంగు కనబడితే ఒట్టు.

చీటీ అతికించి ఊరుకునేవారు కాదు, కథ చెప్పేవారు. ఘనా సంగతి ఎన్నిసార్లు చెప్పారో. 1957 మార్చి 6 అర్ధరాత్రి, అక్రా పోలో మైదానంలో ఆ దేశ నాయకుడు ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం వచ్చిందని ప్రకటించాడు. నెత్తిన టోపీ, దాని మీద 'పి.జి.' అని రెండక్షరాలు. ఏమిట్రా అవి అని అడిగి, మాకు తెలియదని చూసి ఆయనే చెప్పేవారు, 'ప్రిజన్ గ్రాడ్యుయేట్' అని. జైల్లో ఉండగానే 1951 ఎన్నికల్లో గెలిచాడాయన. గవర్నరుకి ఆయన్ని విడిచిపెట్టి ప్రభుత్వం నడపమని పిలవక తప్పలేదు. అంతకు మూడేళ్ళ ముందు, 1948 ఫిబ్రవరి 28న, బర్మాలో బ్రిటిష్ వాళ్ళ తరఫున జపానుతో పోరాడి వచ్చిన మాజీ సైనికులు తమకి రావలసింది అడుగుతూ అర్జీ పట్టుకుని గవర్నరు కోటవైపు నడిచారు. చేతిలో ఆయుధం లేదు. తెల్ల పోలీసు అధికారి తుపాకీ పేల్చాడు, ముగ్గురు పడిపోయారు. దీన్నా ఇవ్వడం అంటారు?

గినీ మాట చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1958 సెప్టెంబరు 28న ఫ్రాన్సు తన వలసలన్నిటినీ ఓటు అడిగింది, మా నీడలో ఉంటారా లేదా అని. ఆఫ్రికాలో గినీ ఒక్కటే వద్దంది, నూటికి తొంభై అయిదుగురికి పైగా. నాలుగో రోజున, అక్టోబరు 2న, స్వతంత్రం ప్రకటించుకుంది. ఫ్రెంచి వాళ్ళు పోతూ పోతూ టెలిఫోన్లు పీక్కుపోయారు, ఫైళ్ళు తగలబెట్టారు, మందులు కూడా నాశనం చేశారు. అంత కసి. అప్పటి గినీ నాయకుడు సెకూ టూరేయే తర్వాత సొంత ప్రజల్ని జైళ్ళలో కుక్కాడు, అది దాచను. కానీ ఆనాటి 'వద్దు' మాత్రం ఆ జనం చెప్పిందే.

అల్జీరియా 1954 నుంచి 1962 దాకా రక్తం ధారపోసింది. పోర్చుగీసు వాళ్ళు 1975 దాకా అంగోలా, మొజాంబిక్‌లని వదల్లేదు. కెన్యాలో బ్రిటిష్ వాళ్ళు మౌ మౌ పోరాటం చేసిన వాళ్ళని ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టి హింసించారు. ఆ సంగతికి బ్రిటిష్ ప్రభుత్వం విచారం వెలిబుచ్చి 5,228 మందికి పరిహారం ఒప్పుకున్నది ఎప్పుడనుకున్నారు? 2013లో. కుర్రాళ్ళుగా దెబ్బలు తిన్నవాళ్ళు అప్పటికి ముసలివాళ్ళయ్యారు. ఇక లుముంబా, కాంగో తొలి ప్రధాని. 1960 జూన్ 30న కాంగో స్వతంత్రం, 1961 జనవరి 17న ఆయన హత్య. శవాన్ని యాసిడ్‌లో కరిగించారు. మిగిలిన ఒక్క పన్నుని బెల్జియం పోలీసు ఒకడు తన దేశం పట్టుకుపోయి దాచుకున్నాడు. 2022 జూన్‌లో గాని ఆ పన్ను ఆయన పిల్లల చేతికి రాలేదు.

ఇవన్నీ ఎక్కడివో మనకెందుకు అనే మాట మా కాలంలో లేదు. ఎలిజబెత్‌విల్‌లో కాంగో ప్రజల తరఫున ఐక్యరాజ్యసమితి సేనలో పోరాడుతూ 1961 డిసెంబరులో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణం ఇచ్చాడు, పరమవీర చక్రం వచ్చింది. మన పాస్‌పోర్టు మీద దక్షిణాఫ్రికాకి చెల్లదని రాసి ఉండేది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కి చేరి, ఎదుట దక్షిణాఫ్రికా అని తెలిసి, వర్ణవివక్ష ఉన్నంతకాలం ఆడేది లేదని మనవాళ్ళు కప్పునే వదులుకున్నారు. కప్పు పోయిందని ఏడ్చినవాడు నాకు కనపడలేదు.

ఇప్పుడో! మొన్న హైదరాబాదులో మా అపార్ట్‌మెంటులో ఖాళీ ఫ్లాటు చూడ్డానికి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. మీటింగులో ఒకాయన, "ఆఫ్రికా వాళ్ళకి ఇవ్వొద్దు" అని తేల్చేశాడు. ఏ దేశం వాళ్ళో అడిగారా అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే మెట్ల దగ్గర కలిసి అడిగాను. టాంజానియా అన్నారు. వాళ్ళ దేశపు తొలి అధ్యక్షుడు నైరేరే పేరెత్తాను. ఆ చిన్నబ్బాయి మొహం వెలిగిపోయింది. "మ్వాలిము" అన్నాడు. వాళ్ళ భాషలో మాస్టారని అర్థం, ఆయన్ని అక్కడ అందరూ అలాగే పిలుస్తారట. ఫ్లాటు మాత్రం వాళ్ళకి ఇవ్వలేదు.

బాబూ, మీ వీధిలో, మీ కాలేజీలో అలాంటి పిల్లలు కనబడితే ముందు ఏ దేశం అని అడగండి. ఆ పేరు అట్లాసులో ఎక్కించడానికి వాళ్ళ తాతలు ప్రాణాలు పెట్టారు.