క్యామ్రీయా, అకార్డా? సెడాన్ కొనుగోలు వ్రత విధానం

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో దిగి, మొదటి జీతం చేతికందిన తెలుగు కుర్రవాడికి పెద్దలు పెట్టే తొలి పరీక్ష ఇది: టయోటా క్యామ్రీయా, హోండా అకార్డా? రెండూ అమెరికా రోడ్ల మీద నలభై ఏళ్లుగా పాతుకుపోయినవే. రెండూ జపాను పేర్లతో అమెరికాలో పుడుతున్నవే. అకార్డు 1982 నుంచి ఒహాయోలోని మేరీస్‌విల్‌లో, క్యామ్రీ 1988 నుంచి కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతున్నాయి. వారంటీలోనూ తేడా లేదు: మొత్తం కారుకు 3 ఏళ్లు లేదా 36 వేల మైళ్లు, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్లు. ఇంత దగ్గరగా ఉన్న రెండింటిలో ఒకదాన్ని తప్పుగా ఎంచుకోవడం సామాన్యుడి వల్ల కాదు. నియమనిష్ఠలు కావాలి.

ముందుగా సంకల్పం. లెక్కలు చూడకముందే కొనేవాడు ఏదో ఒక పక్షం చేరిపోవాలి. "మా బావ క్యామ్రీ పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదు" అన్న మాట చాలు. బావగారు వేళ తప్పకుండా ఆయిల్ మారుస్తారా అని మాత్రం ఆరా తీయకూడదు. తీస్తే ఘనత కారుది కాక బావగారిదైపోయే ప్రమాదం ఉంది.

భక్తి బ్రాండు మీదే ఉండాలి, మోడల్ సంవత్సరం జోలికి పోకూడదు. 2007–2009 నాటి 2.4 లీటర్ల క్యామ్రీలలో కొన్ని పిస్టన్ రింగుల లోపంతో ఆయిల్ తాగేవి. టయోటా వారంటీ పెంచి మరీ వాటిని బాగుచేయాల్సి వచ్చింది. 2000 ప్రాంతపు వీ6 అకార్డులకేమో ఆటోమేటిక్ గేర్‌బాక్సు జబ్బు. గేర్‌బాక్సు లోపంతోనే 2004లో హోండా లక్షలాది కార్లను వెనక్కి పిలిచింది. టయోటా భక్తుడు రెండోదాన్ని, హోండా భక్తుడు మొదటిదాన్ని మాత్రమే గుర్తుంచుకోవాలి. అన్నట్టు, వీ6 అకార్డుకు లక్ష మైళ్ల దరిదాపుల్లో టైమింగ్ బెల్ట్ మార్చాలి. 98 వేల మైళ్లు తిరిగిన బండి చవగ్గా వస్తుంటే "ఎందుకు అమ్ముతున్నారు?" అనడం మర్యాద కాదు.

ఇక ప్రధాన పూజ, మైలేజీ. దీనికి వాట్సాప్ గ్రూపులో కనీసం రెండు వారాల వాదన జరగాలి. 2025 మోడల్ నుంచి క్యామ్రీ హైబ్రిడ్‌గానే వస్తోంది. ఎల్ఈ రకం గ్యాలన్‌కు 51 మైళ్లిస్తుంది. అకార్డు హైబ్రిడ్ బాగా ఇస్తే 48. ఏడాదికి 12 వేల మైళ్లు తిరిగేవాడికి ఈ తేడా సుమారు 15 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే 45 డాలర్లు, అంటే ఇద్దరు ఒక పూట బయట బిర్యానీ తింటే సరి. పైగా 19 అంగుళాల చక్రాలతో వచ్చే అకార్డు హైబ్రిడ్ 44కే ఆగిపోతుంది. కంపెనీ మారితే మూడు మైళ్లు, అదే కంపెనీలో రకం మారితే నాలుగు! ఈ సంగతి గ్రూపులో పెడితే చర్చ చచ్చిపోతుంది కాబట్టి పెట్టరాదు.

వాదించి వాదించి అలిసిపోయాకే డీలర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ధర అడగకూడదు, "నెలకెంత?" అనాలి. 30 వేల డాలర్ల అప్పు, 7 శాతం వడ్డీ, 48 నెలలు అనుకుంటే నెలకు 718 డాలర్లు. కుర్రవాడి మొహం చూసి డీలర్ దాన్ని 72 నెలలకు సాగదీస్తాడు. నెలకు 511కి దిగుతుంది. రెండు వందలు తగ్గించిన ధర్మాత్ముడికి దండం పెట్టి సంతకం చేయాలి. వడ్డీ 4,500 నుంచి 6,800కు పెరిగిందని ఇంటికొచ్చాక తెలిసినా ఫరవాలేదు, ఆ 2,300 డాలర్లను క్యామ్రీ మైలేజీ ఆదాతో యాభై ఏళ్లలో పూడ్చుకోవచ్చు. క్రెడిట్ హిస్టరీ లేని కొత్తవాడికి 7 శాతం దొరకడమే కష్టం. ముందే ఓ క్రెడిట్ యూనియన్‌లో వడ్డీ కనుక్కుని వెళ్లడం వ్రతభంగం.

మూడేళ్లకోసారి కారు మార్చడం ఉద్యాపన. విలువ వేగంగా పడిపోయేది తొలి ఏళ్లలోనే గనుక ఆ నష్టం తాను భరించి, ఆ తర్వాతి పదేళ్ల నమ్మకమైన సేవను పరాయివాడికి దానం చేయడంలో పుణ్యం ఉంది.

వ్రతమన్నాక కథ ఉండాలి. మెయిన్ రాష్ట్రంలో ఒకాయన 1990 నాటి అకార్డును పది లక్షల మైళ్లు నడిపాడు. 2011లో హోండా ఆయనకు కొత్త అకార్డు బహూకరించింది. ఆయన ఒకప్పటి మెకానిక్ అనీ, సర్వీసు వేళ తప్పేవాడు కాదనీ చెప్పే ఘట్టం వచ్చేసరికి ప్రసాదం పంచడం మొదలుపెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం వెటకారం పనికిరాదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చవగ్గా కొనే 2001, 2002 నాటి అకార్డులలో కొన్నింటికి ఇంకా పాత టకాటా ఎయిర్‌బ్యాగులే ఉండొచ్చు. ప్రమాదంలో అవి పగిలి, ఇనుప ముక్కలు చిమ్మి మనుషులను చంపాయి. మార్పించనివాటిని అసలు నడపవద్దని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ హెచ్చరించింది. డబ్బు చేతులు మారకముందే కారు వీఐఎన్ నంబరును ఆ సంస్థ సైట్‌లో కొట్టి చూడండి. చూడడం ఉచితం, డీలర్ దగ్గర మార్పించుకోవడమూ ఉచితమే.