నీడనెయ్యి: మేజోళ్ల సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము

నానబెట్టు, నలపబాక, పిండబాక, నీడనెయ్యి.

అవతారిక

మైపాడు చేరువ సరుగుడు తోటల నడుమనున్న మా యింటికి మొన్నటి సంక్రాంతికి షికాగోనుండి వచ్చిన మా మనుమరాలు, విమానములోని చలికి వెరచి తొడుగుకొని వచ్చిన నల్లని పలుచని మేజోళ్లను, నడుము మొదలు మునివేళ్ల దాక ఏకఖండముగానుండి ఆ దేశమున టైట్సు అని పిలువబడువానిని, నూతికడ బండపై నుంచి లోనికి బోగా, ఇంటిపనిలో మగవారును చేయూత నీయవలెనను సదుద్దేశముతో నే నా జత నందుకొని, బిళ్లసబ్బు పట్టించి, బ్రష్షుతో రుద్ది, రెండు చేతులతో మెలిపెట్టి పిండి, తుమ్మకంప దడిపై ఆరవేసితిని. ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో బాలవ్యాకరణము బోధించినవానికి గుడ్డ యుతుకుట యొక లెక్కయా? సాయంకాలమునకు మోకాలికడ ఆవగింజంత రంధ్రము కనబడెను. దానిని వేలితో సవరింపబోగా అది మడమదాక గీతవలె దిగజారెను.

ఎనుబదినాలుగేండ్ల మా అక్కయ్య ఆ వస్తువును కన్నులకడ కెత్తిపట్టి, "ఏందిరా ఇది, గుడ్డా బూజా?" అని యడిగి, నా బదులు వినకయే రెండవ జతను తెప్పించుకొని, తన వెంకటగిరి చీరను ఏబదియేండ్లుగా కాపాడుకొని వచ్చిన విధానమునే దానికిని వర్తింపజేయుచు పై సూత్రమును పలికెను. నాలుగే మాటలు. అయినను నావంటి పండితులకు వ్యాఖ్య లేనిదే కొరుకుడు పడవు గనుక ఉపక్రమించుచున్నాను.

టీక

నానబెట్టు: కర్మపదము అధ్యాహార్యము, మేజోళ్లను అని చేర్చుకొనవలెను. దేనిలో అను నాకాంక్షయే యిచ్చట ముఖ్యము. మా యింట రెండు నీళ్లు కలవు: ఇసుకలో నాలుగు బారలు త్రవ్విన నూతి నీరు తియ్యన, లోతుగా దింపిన బోరు నీరు ఉప్పన. నేను మోటారు మీట నొక్కుట సులభమని బోరునీటినే పట్టితిని. అట్టి కఠినజలమున నున్న కాల్షియము, మెగ్నీషియములతో గూడి సబ్బు నురుగు నీయక, కరగని తెల్లని తెట్టుగా మారి దారపు సందులలో నిలిచిపోవును. నిలిచిన తెట్టు వదలలేదని మరల సబ్బు, సబ్బు చాలలేదని మరల రుద్దుడు. అక్కయ్యయో నూతినీటిని గోరువెచ్చన చేయించి, నాలుగు కుంకుడుకాయల గింజలు తీసి, పెంకులను నానవైచి పిసికి, ఆ రసమును రెండుమారులు వడగట్టి, అందు మేజోళ్లను మునుగనిచ్చెను. కుంకుడులోని సపోనిను నురుగు నిచ్చును గాని సబ్బువలె తెట్టు కట్టదు. రెండుమారులు వడగట్టుట యేల యని యడిగితిని. "పెంకుముక్క ఒకటి తగిలితే చాల్దా?" అనెను. ఎంతసేపు అను ప్రశ్నకు సూత్రము మూకీభావము వహించినది; అక్కయ్య వక్క నమిలి ముగించునంతసేపు కూర్చుండెను గనుక అదియే ప్రమాణము.

నలపబాక: నలుపబోకుము అని శిష్టరూపము. "బాక" యనునది ఆజ్ఞకును బతిమాలుటకును నడుమనుండు మా నెల్లూరు నిషేధము. చిన్నయసూరి చెప్పలేదు, చెప్పకున్నను మా నాయనమ్మల చీర యొక్కటియు చెడలేదు. ఈ పదమే సూత్రమునకు ప్రాణము గనుక ఇచ్చట కొంత నిలువవలసియున్నది.

వెంకటగిరి చీర నేత, మేజోడు అల్లిక. జిల్లాలు మారినను మా వాడుకలో ఇంకను నెల్లూరిదిగానే యున్న వెంకటగిరిలో గుంటమగ్గముపై పడుగు నిలువుగను పేక అడ్డముగను ఒకదాని నొకటి బిగియబట్టుకొని సాగును. జాందానీ బుటా వేయునప్పుడు సహితము అదనపు పేకను చేతితో చొప్పించుటయే గాని పడుగుపేకల కట్టు మారదు. అందుచేత అందొక పోగు తెగినచో ఇరుగుపొరుగు పోగులు దానిని జారనీయక పట్టుకొనియుండును. మేజోటిలో పడుగు లేదు, పేక లేదు. దారము ఉచ్చులుగా వంగి, ప్రతి యుచ్చును తన పైవరుస యుచ్చులో కాలుంచి వ్రేలాడుచుండును. ఒక యుచ్చు తెగినచో దాని నమ్ముకొనిన యుచ్చు జారును, అది జారినచో మరియొకటి. మడమదాక దిగిన గీత యిదియే. నేను కండ్లద్దములు పెట్టుకొని చూచుచుండగనే ఒక యుచ్చు పుటుక్కున విడి, సన్నని మెట్టుగా నిలిచి, క్రింది యుచ్చును విడిచిపెట్టెను. తప్పు చేసినవాని కన్నులయెదుట తప్పు పెరుగుట చూచు భాగ్య మందరికిని గలుగదు.

ఇట్టి అల్లికను యంత్రముపై తొలుత సాధించినవాడు ఆంగ్లదేశీయుడగు విలియం లీ. 1589 నాటి మాట. ఎలిజబెత్తు రాణి అతనికి హక్కుపత్ర మీయ నిరాకరించెను. పట్టు మేజోళ్ల స్థానమును నైలాను ఆక్రమించుటకు మరి మూడున్నర శతాబ్దములు పట్టెను: డూపాంటు సంస్థలో కారొథర్సు కనుగొనిన యా దారమును 1938 లో లోకమునకు ప్రకటించి, 1940 మే 15 న అమెరికా యంతటను మేజోళ్లుగా విక్రయింప మొదలిడిరి, అంతలో యుద్ధము ముదిరి ఆ దారము పారాచూటుల పాలయ్యెను. ఆకాశమునుండి సైనికుని దింపగల దారము మా దడిమీది తుమ్మముల్లునకు ఓడెను. ఇందు వింత లేదు. బలము పోగుది, దౌర్బల్యము అల్లికది, సన్నదనముది. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లని లెక్క; 15 డెనియర్ల మేజోడనగా, నెల్లూరునుండి మైపాడు బాటలో మూడవవంతు దాటి పరచగల పోగు రెండు తులములైనను తూగదు. అక్కయ్యకు డెనియరు తెలియదు. తెలియకయే ఉంగరము తీసి కొంగున ముడివేసికొని, నా గోళ్లవంక ఒక్కమారు చూచి, నన్ను దూరముగా జరుగుమనెను.

పిండబాక: స్పష్టము. అయినను ఒక మాట. ఈ మేజోళ్లలో నైలానుతోపాటు సాగి మరల కుదించుకొను మరియొక దారము గలదు. 1958 లో డూపాంటు వారి యింటనే జోసెఫ్ షివర్సు చేతిలో పుట్టినది. మెలిపెట్టుటకును వేడికిని అది సడలును, క్లోరిను బ్లీచింగునకు తినివేయబడును. అక్కయ్య మేజోళ్లను తుండుగుడ్డలో చాపవలె చుట్టి, పసిబిడ్డ తల యద్దినట్లు అద్దెను. తడి తుండునకు పోయెను.

నీడనెయ్యి: ఇచ్చట పండితులకు పండుగ. నీడ, నెయ్యి అని విడదీసి "నీడయందుంచిన ఘృతము" అని యర్థము చెప్పువారు కలరు; వారిని భోజనపు వేళ తప్ప చేరదీయరాదు. నీడన్, నెయ్యి అని నేయు ధాతువు విధ్యర్థముగా గైకొని "నీడలో కూర్చుండి మగ్గము నేయుము" అనువారి మతము కొంత మేలు, గుంటమగ్గము ఇంటి నీడనే యుండును గదా. కాని అల్లికను నేతతో ముడిపెట్టుట పైని నిరూపించిన భేదమునకే విరుద్ధము. నీడను, ఎయ్యి అని పదచ్ఛేదము. ఎయ్యి యనగా వేయుము. ఎండ వేడికి సాగుడు దారము చచ్చును, నల్లరంగు వెలియును. నీడ యున్నది గదా యని సరుగుడు కొమ్మకు తగిలింపరాదు. దాని సూదులను, సముద్రపు గాలి తెచ్చు నిసుకను లెక్కింపవలెను. దండెముపై వ్రేలాడదీసినను నీటి బరువున కాళ్లు సాగును, పరచియే ఆరవేయవలెను.

తాత్పర్యము

మూలమే తాత్పర్యము.

విశేషము

ఈ సూత్రమునకు శాఖాంతరమున సంవాదము కలదు. ఆ మేజోళ్ల నడుమున కుట్టిన తెల్లని పేలికపై చేయి ముంచిన తొట్టి యొకటి, అడ్డుగీతలు పడిన త్రికోణము, చదరములో వృత్తము, ఇస్త్రీపెట్టె బొమ్మలు కలవు. 1963 లో ప్యారిసులో నేర్పడిన జినెటెక్సు అను సంఘమువారు వీనిని దేశదేశములకు పొందించిరి. చేతితో నుతుకుము, బ్లీచింగు వలదు, యంత్రమున నారబెట్టవలదు, ఇస్త్రీ వలదు అని యర్థము. మనుమరాలు వీనిని చదివి వినిపింపగా అక్కయ్య, "పిండబాక అని యాడ రాసుండాది?" అని యడిగి, ఆ బొమ్మ లేదని తెలిసికొని, "సగమే రాసినారు" అనెను.

ఆ రెండవ జతను అక్కయ్య నులకమంచముపై నులక గీరుకొనకుండ ఒక మెత్తని పంచె పరచి దానిపై ఆరవైచెను. పంచె నాది, మెత్తనిదగుటకు కారణము అది పెండ్లికి పోవుటకు దాచినదగుట. మొదటి జత మునివేళ్ల భాగము మాత్రము చెక్కుచెదరలేదు. దానిని కత్తిరించి, నోటికి నులిత్రాడు గట్టి, నూతికడ మేకునకు తగిలించినారు. ఇప్పుడు మా యింట కుంకుడు రసము వడగట్టుట దానితోనే.