ఈథ్‌జీరో ఎవరండీ?

మనిషికి పెట్టిన పేరు చచ్చేదాకా అతుక్కునే ఉంటుంది. బడి రికార్డులో గుమాస్తా అచ్చుతప్పు రాసినా, ఆ తప్పుతోనే ఉద్యోగం చేసి ఆ తప్పుతోనే రిటైరవుతాడు. లినక్స్ సర్వరులో నెట్‌వర్క్ కార్డుకు ఆ నిలకడ లేదు. రాత్రి ఈథ్‌జీరోగా పడుకుని పొద్దున ఈథ్‌వన్‌గా లేవగలదు.

నేను చూసుకునే ఆఫీసులో ఒక పాత సర్వరుకు రెండు కార్డులు. ఒకదానికి ఇంటర్నెట్ వైరు, రెండోదానికి ఆఫీసు లోపలి వైరు. ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో ఫైర్‌వాల్ రూల్సన్నీ ఈ పేర్ల మీదే రాసి ఉంటాయి. కరెంటు పోయి వచ్చిన ఓ పొద్దున పేర్లు తారుమారయ్యాయి. పాపం ఫైర్‌వాల్ తన డ్యూటీ తాను చేసింది. అకౌంట్స్ సెక్షన్‌ను దొంగల ముఠాగా జమకట్టి గడప దగ్గరే ఆపేసి, లోకంలోని అసలు దొంగలకు రాచమర్యాదలు సిద్ధం చేసింది. ఐపీ అడ్రసులు కూడా తారుమారు కావడంతో ఆ మర్యాదలు అందుకోవడానికి ఎవరూ రాలేకపోయారు, అదొక్కటే అదృష్టం.

అకౌంటెంటు గారు ఫోన్ చేశారు. "నాయనా, జీఎస్టీకి ఇవాళే ఆఖరు. నెట్ లేదు. ఏం మార్చావు?"

"నేనేమీ మార్చలేదండీ."

"మరి దానంతటదే మారిందా?"

దానంతటదే మారింది. కానీ ఆ మాట పైకి అంటే ఉద్యోగం ఉంటుందా?

జరిగేది ఇదీ. కెర్నల్ తనకు ముందు కనబడిన ఈథర్నెట్ కార్డుకు ఈథ్‌జీరో అనీ, తర్వాతిదానికి ఈథ్‌వన్ అనీ పేరిస్తుంది. డ్రైవర్లేమో వరసలో నిలబడవు, ఒకేసారి ఎగబడతాయి. పండగ ముందురోజు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసినట్టు, ఎవరి చెయ్యి ముందు పడితే జీరో వాళ్లది.

దీనికి లినక్స్‌లో పరికరాల సంగతి చూసుకునే యూడెవ్ ఓ విరుగుడు తెచ్చింది. ప్రతి కార్డు మ్యాక్ అడ్రసునూ ఒక ఫైల్లో రాసుకుని, దానికి ఫలానా పేరు అని రిజర్వేషన్ చేసేసేది. బాగానే ఉంది. కానీ కార్డు కాలిపోయి కొత్తది పెడితే? పోయినవాడి కర్చీఫు సీటు మీదే ఉంటుంది, కొత్తవాడు పక్క సీటు చూసుకోవాలి. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేసినా ఇదే తంతు. ఉన్నది ఒకే ఒక్క కార్డు, దాని పేరు ఈథ్‌వన్! జీరో ఏమైందని కొత్త కుర్రాళ్లు నన్ను అనుమానంగా చూసేవారు.

తర్వాత డెల్ వాళ్ల బయోస్‌డెవ్‌నేమ్ అనే టూల్ వచ్చింది. 2011లో ఫెడోరా 15తో బోర్డు మీది కార్డు ఈఎం1 అయింది. 2013 జనవరిలో, లినక్స్‌ను బూట్ చేసి నడిపించే సిస్టమ్‌డీ 197వ వెర్షన్ వచ్చి, కార్డు ఎక్కడ గుచ్చి ఉందో ఆ చోటునే పేరుగా ఖాయం చేసింది. ఈఎన్ అంటే ఈథర్నెట్, పీ పక్కన పీసీఐ బస్ నంబరు, ఎస్ పక్కన స్లాట్. పేరు కాదు, పోస్టల్ అడ్రసు. విజయవాడ బ్రాంచి కుర్రాడితో ఫోన్లో ఒకసారి:

"ఏం పేరు కనబడుతోందిరా?"

"ఈఎన్‌పీ జీరో ఎస్ థర్టీవన్ ఎఫ్ సిక్స్ అన్నా."

"పీ నా, బీ నా?"

"పీ అన్నా. పప్పులో పీ."

"తర్వాత ఎస్సా, ఎఫ్ఫా?"

"రెండూ ఉన్నాయన్నా!"

యూఎస్‌బీ కార్డయితే కొన్ని లినక్స్‌లలో ఇంకా ఘోరం. ఈఎన్‌ఎక్స్ అని మూడక్షరాలు, వెనకాల మ్యాక్ అడ్రసు మొత్తం 12 అక్షరాలు. కెర్నల్ పేరుకిచ్చే చోటు 15 అక్షరాలే. ఇంకొక్కటి కూడా పట్టదు.

అయినా సిస్టమ్‌డీ పక్షమే నాది. నోరు తిరగని పేరు రాసుకుంటే సరిపోతుంది, రాత్రికి రాత్రి మారే పేరును రాసుకునీ లాభం లేదు. ఇక్కడా ఓ మెలిక లేకపోలేదు. కొత్త ఎన్‌వీఎంఈ డిస్కో గ్రాఫిక్స్ కార్డో పెడితే బస్ నంబర్లు జరిగి, నిన్నటి ఈఎన్‌పీ3 కాస్తా ఈఎన్‌పీ4 కావచ్చు. వచ్చింది డిస్కు, పేరు మారింది కార్డుకు. విసుగెత్తినవాళ్లు బూట్ లైన్లో నెట్ డాట్ ఇఫ్‌నేమ్స్ ఈక్వల్స్ జీరో అని రాసి పాత పేర్లకే పోతారు. ఒక్క కార్డున్న మెషీనుకు హాయి. రెండుంటే మళ్లీ కర్చీఫులే.

చివరికి నేను చేసేది సిస్టమ్‌డీ లింక్ ఫైలు రాయడం. మ్యాచ్ కింద మ్యాక్ అడ్రసు, లింక్ కింద నచ్చిన పేరు. అలాగని మళ్లీ ఈథ్‌జీరో పెట్టకూడదు. కెర్నల్ అదే పేరును అదే క్షణంలో ఇంకో కార్డుకు ఇచ్చిందంటే పేరు మార్పు అక్కడే ఆగిపోతుంది. నేను ఇంగ్లిషు అక్షరాల్లో ఒకదానికి 'బయట', రెండోదానికి 'లోపల' అని పెట్టాను. ఫైర్‌వాల్ రూల్స్ ఇప్పుడు అకౌంటెంటు గారికి కూడా అర్థమవుతాయి. ఆయన చదివి, "బయటనుంచి లోపలికి రాకూడదు, అంతేగా? మా ఇంట్లో చెప్పుల రూలే" అన్నారు.

మొన్న ఓనరు గారు మాటిమాటికీ నెట్ పోతోందని ఇంకో కంపెనీ లైను కూడా వేయించారు. మూడో కార్డు గుచ్చి, విజయవాడ కుర్రాణ్ణి లింక్ ఫైలు రాయమన్నాను. సాయంత్రానికి ఫోన్ చేశాడు.

"అన్నా, కొత్తదానికి బయటవన్ అని పెట్టాను. పాతదాన్ని బయటజీరో చేసెయ్యనా?"