‘చేప మాత్రం మీది’: టీకా తాత్పర్యం

మూలం: పడవ మాది, గాలం మాది, గైడు మా వాడు, చేప మాత్రం మీది.

అవతారిక: డబ్బు పుచ్చుకుని జనాన్ని చేపల వేటకు తీసుకెళ్లే వ్యాపారం లోకంలో ఎక్కడ సాగినా, దాని ప్రకటనలన్నీ పిండితే మిగిలే వాక్యం ఇదే. టెక్సాస్‌లో లేక్ ఫోర్క్ మీద బాస్ చేప కోసం సాగే యాత్రలకూ ఇదే మూలం. రేపు పార్వతీపురం మన్యం జిల్లాలో, తోటపల్లి దగ్గర నాగావళి మీద అలాంటివి మొదలైతే వాటికీ ఇదే. మూలంలో లేనిది రాయనని కొలచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు, పైగా ఈ మూలంలో చెప్పినదానికన్నా దాచిందే ఎక్కువ. ఇక్కడ అమ్ముడుపోయేది చేపా కాదు, పడవా కాదు, గైడు కన్ను; ఆ కన్ను ఎవరిదో తేల్చకుండా ఈ వాక్యానికి అన్వయం కుదరదు. అదే మా పక్షం.

ప్రతిపదార్థం: ‘పడవ మాది’ అనగా చిల్లు పడితే ఖర్చు మాది అని. ఇందులో గూఢార్థమేమీ లేదు. ‘గాలం’ అనగా కర్ర, తాడు, బెండు, ముల్లు. ఎర అనే పదాన్ని మనమే తెచ్చి కలుపుకోవాలి. తెలుగులో వానపామూ ఎరే, ముల్లుకు గుచ్చేదీ ఎరే. చేతిలోని కర్ర ఎరవుది, దాని కొసన ఉన్నది ఎర అనే శ్లేష కర్త ఉద్దేశించి ఉండడు, అయినా వదులుకోబుద్ధి కాదు. ఇక ‘గైడు’. మార్గదర్శి అని మారుద్దామంటే పాఠకులు చిట్టీల కంపెనీ అనుకుంటారు గనుక యథాతథంగా ఉంచడమైనది. బడిపిల్లలకు గైడంటే పాఠం చదవకుండానే జవాబు దొరికే పుస్తకం. పడవలోనూ అదే అర్థం: నీటిని చదవడం రానివాడికి జవాబు చూపించేవాడు. ‘చేప’ అన్నచోట అమెరికాలోనైతే బాస్ అని చెప్పుకోవాలి. మనకు దానికి దీటైనది కొర్రమీను. రెండూ నాచు చాటున, మొద్దు పక్కన కదలకుండా పొంచి ఉండి, కప్ప కదిలితే ఒక్క ఉదుటున మింగేవే. రెండూ పిల్లలను కాపలా కాసేవే. కొర్రమీనుకు అదనంగా ఒక బలహీనత ఉంది: గాలి పీల్చుకోవడానికి అది పైకి రాక తప్పదు. ఆ క్షణంలో నీటి మీద లేచే చిన్న సుడి చూసి ఇది కొర్రమీను, ఇది బొచ్చె అని చెప్పగలవాడే గైడు. చూసినా తెలియనివాడు యాత్రికుడు. ఇద్దరి మధ్య చేతులు మారే సొమ్మంతా ఆ తేడాకే.

ఈ వృత్తి అమెరికా నుంచి దిగిందనుకోవడం తప్పు. 1126 నుంచి 1138 దాకా ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో రాజుల వినోదాల నడుమ మత్స్యవినోదానికీ చోటిచ్చాడు, కర్ర సంగతీ తాడు సంగతీ, ఏ చేపకు ఏ ఎర అన్నదీ విడమర్చాడు. రాజు స్వయంగా వానపాములు తవ్వి ఉండడు. ఆ వివరాలన్నీ ఒడ్డున ఉండే ఎవరో చెబితే తెలిసినవే అయి ఉండాలి. ఆ ఎవరో పేరు గ్రంథానికి ఎక్కలేదు. మన మూలంలో ‘మా వాడు’ అన్న మాటకు పూర్వరూపం అక్కడే ఉంది.

ఆక్షేపం: వెదురు పుల్లకు దారం కట్టి గెడ్డ ఒడ్డున కూర్చునే కుర్రాడికి గైడు ఎవరు? సమాధానం: ఆ కుర్రాడే గైడు. అతనికి పడవ అక్కర్లేదు, ఎందుకంటే ఏ మడుగు ఎప్పుడు పనికొస్తుందో అతనికి తెలుసు. రాయగడ వైపు కొండల్లో కురిసిన వాన తోటపల్లి నీటి రంగు మార్చేస్తుంది. కొమరాడ దగ్గర, ఒడిశాతో ముంపు తగవు తెగక 2006లో గాలి నింపి నిలబెట్టిన జంఝావతి రబ్బరు డ్యాము ఉబ్బితే నీటిమట్టం ఒకటి, చప్పబడితే మరొకటి. ఇదంతా పుస్తకంలో దొరికేది కాదు. మరొక ఆక్షేపం: పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదలమంటారట, పులుసు కాగుతుంటే ఇదేం వినోదం? న్యాయమైన ప్రశ్నే. 1932లో జార్జియాలో జార్జి పెర్రీ పట్టిన పది కిలోల బాస్ నేటికీ రికార్డు. దాన్ని వాళ్లింట్లో వండుకు తిన్నారు. మత్స్యశాఖ వదిలిన పిల్లలు పెరిగి బొచ్చెలయితే తినడంలో దోషమేమీ లేదు. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా కాస్తున్న కొర్రమీను సంగతి వేరు. దాన్ని లాగేస్తే గుంపంతా మిగతా చేపలకు మేత. అక్కడ పట్టి వదలడం కూడా కాదు, అసలు గాలమే వేయకూడదు. ‘ఇటు వద్దు బాబూ’ అనగలగడం గైడు విద్యలో సగం. మూడో ఆక్షేపం కొంచెం అమాయకమైనది: బాస్‌నే తెచ్చి వదిలితే పోలేదా? జపాన్ ఆ పని 1925లో ఆషినోకో సరస్సులో చేసి చూసింది. అది సరస్సు సరస్సుకూ పాకి స్థానిక చేపలను తినేస్తుంటే, 2005లో చట్టం అమల్లోకి తెచ్చి కట్టడి చేయవలసి వచ్చింది. ఇంట్లో కొర్రమీనును పెట్టుకుని ఊరవతల నుంచి అల్లుణ్ణి తెచ్చుకోనక్కర్లేదు.

విశేషం: ఇక మిగిలినవి ‘మీది’, ‘మా వాడు’. వీటి దగ్గరే వ్యాఖ్యానం ప్రమాదకరమవుతుంది. కర్ణాటకలో భీమేశ్వరి దగ్గర కావేరి ఒడ్డున మహసీర్ చేపకు పెద్ద పేరున్న యాత్రలు సాగేవి, స్థానికులే గైడ్లు. అభయారణ్యంలో గాలం వేయడమూ ‘వేట’ కిందికే వస్తుందన్న వ్యాఖ్యతో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి ఆగిపోయాయి. ఒక్క పదానికి చెప్పిన అర్థం పడవలన్నిటినీ ఒడ్డున కట్టేసింది. తోటపల్లిలో చిక్కు మరొకచోట ఉంది. జలాశయంలో చేప పట్టే హక్కు లైసెన్సున్న మత్స్యకారులది, వారి సహకార సంఘాలది. షెడ్యూల్డు ప్రాంతంలోని చిన్న నీటి వనరుల నిర్వహణను 1996 నాటి పెసా చట్టం పంచాయతీలకు అప్పగించమంటుంది. కాబట్టి చేప ‘మీది’ అనడానికి ఆ ‘మేము’ ఎవరు? పట్నం నుంచి టెంట్లు, తెల్ల పడవలతో వచ్చిన కంపెనీ అయితే, తనది కాని చేపను, తనది కాని కన్నుతో చూపించి, రెంటికీ కలిపి టికెట్టు కోస్తున్నట్టు. గైడుకు రోజుకూలి ఇస్తున్నాం కదా అంటారు. కూలి తెడ్డు వేసినందుకు. కన్నుకు లెక్క ఇంకా కట్టలేదు. బోర్డు మీద ‘మా వాడు’ అన్నచోట సంఘం పేరు, లైసెన్సు నంబరు రాసి ఉంటే ఈ టీక ఆ వాక్యానికి చెల్లుతుంది. లేని బోర్డుకు వేరే టీకాకారుణ్ణి చూసుకోవాలి.