పట్టేసిన హ్యాండ్‌బ్రేకు తీగ ఆత్మకథ

నేను పికప్ బండి హ్యాండ్‌బ్రేకు కేబుల్‌ని. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే బండ్లకూ, పర్చూరు, ఇంకొల్లు చేల నుంచి జిన్నింగు మిల్లులకు పత్తి తోలే బండ్లకూ అడుగున ఉంటాను. పైన నల్లటి గొట్టం, లోపల ఉక్కు పోగులు పేనిన తీగ. ఇలా గొట్టంలో నడిచే తీగకు 1896లో పేటెంటు పొందిన ఎర్నెస్ట్ బౌడెన్ మా వంశానికి మూలపురుషుడు. డ్రైవరు లీవరు లాగితే నేను బిగుస్తాను. వెనక డ్రమ్ముల్లో మీట కదిలి, షూలను విప్పి డ్రమ్ముకు అదుముతుంది. లీవరు దించినా షూలు వెనక్కి రాకపోతే హ్యాండ్‌బ్రేకు పట్టేసిందంటారు. అప్పుడు చాలా షెడ్లలో నాకు పడే శిక్ష ఒక్కటే, ఊడదీసి పక్కన పడేయడం. ఆ శిక్ష తప్పని నా వాదన. నేను పట్టేసేది వాడినందుకు కాదు, వాడకుండా వదిలేసినందుకు.

నా నిర్మాణమే దీనికి సాక్ష్యం. తీగను లాగవచ్చు గానీ నెట్టలేరు. లాగేటప్పుడు మనిషి చేతి బలం, దాన్ని పెంచే లీవరు ఉంటాయి. వెనక్కి రప్పించడానికి డ్రమ్ములోని స్ప్రింగులే దిక్కు. గొట్టంలో కాస్త తుప్పు పుడితే చేతి బలం దాన్ని గెలుస్తుంది, స్ప్రింగు ఓడిపోతుంది. అందుకే బ్రేకు పడుతుంది, వదలదు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఇరుకు గొట్టంలో కొద్దిపాటిదే చాలు. రోజూ కదిలే తీగ మీద అది పేరుకోవడం కష్టం. నెలల తరబడి ఒకేచోట పడి ఉన్న తీగ మీద తేలిక. పైగా మా బండ్లు తిరిగేది నల్లరేగడి నేల. వానకు బురదై రబ్బరు తొడుగుల చుట్టూ అంటుకుంటుంది, ఎండకు రాయిలా బిగుస్తుంది. తొడుగు చిరిగితే నీళ్లు నేరుగా లోపలికే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి వానల్లో నానిన బండి అడుగును తర్వాత చూసుకోకపోతే ఆ తడి లోపలే ఉండిపోతుంది.

“మనది మైదానం, గేరులో పెట్టి చక్రం కింద రాయి వేస్తే చాలదా?” అంటారు. ఖాళీ బండికి చాలవచ్చు. యార్డులో ముఠా కూలీలు టిక్కీలు దించుతుంటే బండి ఊగుతుంది, వెనక మనుషులుంటారు. తడి నేల మీద రాయి జారుతుంది. ఎవరి కాలో క్లచ్చు మీద పడితే గేరు పట్టు పోతుంది. ఊళ్లు దాటితే కోటప్పకొండ, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్లు ఉండనే ఉన్నాయి. కాలి బ్రేకు నూనె కారిపోయినా పనిచేసేది నేనే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కాలి బ్రేకుతోపాటు పార్కింగు బ్రేకునూ తప్పనిసరి చేసింది ఇందుకే. ఇక వానరాత్రి లాగి ఉంచితే తెల్లారేసరికి షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయన్న మాట నిజం, దాన్ని ఒప్పుకుంటాను. ఆ రాత్రికి చదునైన చోట గేరు, చక్రాలకు చెక్క దిమ్మలు వాడండి. ఒక రాత్రి మినహాయింపు ఏడాదంతా అలవాటు కాకూడదు.

బాగుచేసే ముందు తప్పెవరిదో తేల్చాలి. ముందు చక్రాలకు దిమ్మలు వేసి, వెనక భాగం జాకీతో లేపి స్టాండు మీద నిలిపి, లీవరు దించి చక్రం తిప్పి చూడాలి. తిరగకపోతే నా సర్దుబాటు నట్టు వదులు చేయాలి. అప్పుడు తిరిగితే లోపం నాది; అప్పటికీ తిరగకపోతే డ్రమ్ములోది కావచ్చు, గొట్టంలో బిగుసుకుపోయిన నాదీ కావచ్చు. ఒక్క చక్రమే వేడెక్కుతుంటే ముందు ఆ వైపు కేబుల్నీ ఆ డ్రమ్మునూ అనుమానించాలి. డ్రమ్ము విప్పాక దుమ్మును గాలితో ఊదొద్దు, షూల మీది పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవాలి. మీట ఇరుసుకూ, షూలు ఆనే చోట్లకూ వేడి తట్టుకునే గ్రీజు పలచగా రాయాలి, లైనింగుకు మాత్రం తగలనీయొద్దు. సాగిపోయిన స్ప్రింగులు మార్చాలి. తుప్పు నాలోనే ఉంటే డీజిలు పోసి నన్ను బతికించే ప్రయత్నం మానండి. కొన్నాళ్లు జారుడొస్తుంది, తెగిన పోగులు అతకవు. కొత్త కేబుల్ వేయడమే మేలు. షూల సందు సరిచేశాకే నట్టు బిగించాలి; ముందే నన్ను బిగిస్తే షూలు డ్రమ్మును రాస్తూనే ఉంటాయి. ఆ రాపిడి డీజిలు తింటుంది, లైనింగును గాజులా నున్నగా చేస్తుంది, చక్రం లోపలి గ్రీజును కరిగిస్తుంది. పైన ఎండు పత్తి ఉన్న బండికి కింద కాలే డ్రమ్ము ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? బిగించాక లోడు లేకుండా కొంతదూరం నడిపి, రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. ఒకటి ఎక్కువ సెగ కొడుతుంటే డ్రమ్ము మళ్లీ విప్పాల్సిందే.