పైనుంచి చూస్తే మగ్గం కనపడదు

పీజీ డిప్లొమా రూల్స్ చదువుతూ మధ్యాహ్నం కునుకు పోగొట్టుకున్నవాణ్ణి మా ఊరు కొత్తచెరువు మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను. కోర్సులో చేరింది నేను కాదు, మనవరాలు. దూరవిద్య చెప్పే ఇగ్నోలో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇన్ అర్బన్ ప్లానింగ్ అండ్ డెవలప్‌మెంట్ అని ఒకటుంది, పట్నాల ప్రణాళిక చదువు. ఏ డిగ్రీ ఉన్నా చాలంట. బి.ఏ. అయినా సరే, బి.కాం. అయినా సరే. హాస్టలు లేదు, హాజరు పట్టీ లేదు, రైలు టికెట్టు అంతకన్నా లేదు. మిద్దె మీద సిగ్నలుంటే సీటున్నట్టే.

మా రోజుల్లో ఈ చదువు కావాలంటే ముందు బి.ఇ. సివిలో ఆర్కిటెక్చరో చేతిలో ఉండాల. ఆ తర్వాత పెట్టె సర్దుకోవాల. ఢిల్లీలో 1955లో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ స్కూలు పెట్టినారు. 1959లో ఢిల్లీ పాలిటెక్నిక్ వాళ్ల ఆర్కిటెక్చర్ శాఖను కలుపుకొని అదే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయింది. 1979లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చేదాకా అక్కడ చేతికొచ్చేది పీజీ డిప్లొమానే. అయినా ఆ డిప్లొమా ఉన్నాయన మా టౌన్ ప్లానింగ్ ఆఫీసులో అడుగు పెడితే ఫ్యాన్లు కూడా చప్పుడు తగ్గించేవి. ఢిల్లీ కాకుంటే ఖరగ్‌పూర్, అదీ కాకుంటే మద్రాసు. ఢిల్లీ స్కూలు లాంటిది కేంద్రం వాళ్లు మన విజయవాడలో పెట్టేసరికి 2008 వచ్చింది. అప్పటికి నా వయసు వాళ్లు పెన్షన్ బుక్కులు తెరిచేసినారు.

నాది ఎల్.సి.ఇ., అంటే సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా. టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర ట్రేసర్‌గా చేరి, ఓవర్సీరై, సూపర్‌వైజర్‌గా దిగినాను. నా సర్టిఫికెట్టుతో ఢిల్లీ గేటు కాదు కదా, దరఖాస్తు ఫారం కూడా తెరుచుకోదు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. గొలుసు పట్టుకుని ఊరంతా కొలిచేది మేము, ప్లాను కింద సంతకం పెట్టేది ఇంకొకాయన. ఉద్యోగంలో ఉంటూనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ అసోసియేట్ పరీక్షకు కట్టినవాళ్లు ఉండేవాళ్లు. పగలు కొలతలు, రాత్రి పుస్తకాలు. వాళ్ల ఓపికకు దండం పెట్టాల.

అయితే ఆ డిప్లొమా చేసొచ్చిన ఆఫీసర్లకు ఒక మంచి జబ్బు పట్టేది. నడిచేవాళ్లు. అట్లాంటి ఆఫీసరు ఒకాయనతో ధర్మవరంలో ల్యాండ్ యూజ్ సర్వేకు తిరిగినాను. చేతిలో అట్టకు బిగించిన షీటు, జేబులో రంగు పెన్సిళ్లు. ఇంటికి పసుపు, అంగడికి నీలం, ఫ్యాక్టరీకి ఊదా, ఆఫీసులకూ బళ్లకూ గుళ్లకూ ఎరుపు, పార్కుకు పచ్చ. చిన్నపిల్లల పని అనుకున్నాను. రెండో సందులోకి తిరిగేసరికి తెలిసొచ్చింది సంగతి.

నేసేవాళ్ల ఇల్లు. నడవలోనే గుంట మగ్గం. ఇంటాయన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, పైన జాకార్డు అట్టలు వేలాడుతున్నాయి, పక్కన చాప మీద బిడ్డ నిద్రపోతా ఉంది. వంటింటి గడప దగ్గర అవ్వ పట్టు పోగులు చుడతా ఉంది. నేను పసుపు పెన్సిల్ తీసినాను. ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని, ‘ఏందయ్యా, ఇక్కడ కాపురముండేది మనుషులా, మగ్గమా?’ అన్నాడు. సరే ఊదా అనుకుంటే, ‘రేపు ఈ ప్లాను అమల్లోకొస్తే ఊదా రంగులో ఉన్న బిడ్డను యాడ పడుకోబెడతావు?’ అన్నాడు. చివరికి పసుపు పూసి, దాని మీద సన్నగా ఊదా అడ్డగీతలు గీయించినాడు. ఆ వీధి మొత్తం అట్లే గీసినాము. ఇంకొంచెం ముందుకు పోతే కాలవలో నీళ్లు గులాబీ రంగులో పారుతున్నాయి. ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దామని వెనక్కి నడిస్తే ఒక పెరట్లో అద్దకం బట్టీ బయటపడింది. ముందువైపు చూస్తే తులసికోట ఉన్న మామూలు ఇల్లు. షీటు మీద అది కూడా ఎక్కింది.

ఇప్పుడు రూల్స్ సంగతి చూద్దాం. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువంట. పుస్తకం చదివినవి, అసైన్‌మెంటు రాసినవి అన్నీ కలిపి. ఈ గంటలు ఎవరు లెక్కబెడతారు పాపా అంటే, ‘నోషనల్ తాతా’ అంటుంది. ఉన్నట్టు అనుకోవాలంట. మా మేస్త్రీలు మస్టర్ రోలులో లేని కూలీని ఉన్నట్టు రాస్తే సస్పెండ్ చేసినారు!

సంపాదించిన క్రెడిట్లు దాచుకోవడానికి బ్యాంకు కూడా ఉంది. 2021లో యూజీసీ పెట్టింది, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. ఏడేండ్ల దాకా చెల్లుతాయి. మధ్యలో మానేసి మల్లా చేరొచ్చు. 2022 నుంచి ఒకేసారి రెండు కోర్సులు చేయనిస్తున్నారు కాబట్టి ఈ అమ్మాయి అనంతపురంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతూనే దీన్నీ చేస్తోంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఈసారి కాకుంటే వచ్చేసారి. మాకు నూటికి 75 హాజరు లేకుంటే పరీక్షకు కూర్చోనిచ్చేవాళ్లు కాదు. కామెర్లొచ్చినా సరే డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చి, జరిమానా కట్టి, ప్రిన్సిపాల్ రూము బయట నిలబడాల. ఈ కాలంలో విద్యార్థి కోసం రూలే వచ్చి గడప దగ్గర నిలబడుతోంది. బాగానే ఉంది. కడుపుమంట కాదు నాది. కొంచెం ఉంటే ఉండనీ.

ఫీజు కట్టడానికి మాత్రం పోర్టల్ తెరుచుకోక ఇంటిల్లిపాదీ రాత్రి పన్నెండు దాకా మేలుకున్నాము. అది వేరే సంగతి.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. ఒక అసైన్‌మెంటులో భాగంగా కొత్తచెరువుకు ల్యాండ్ యూజ్ మ్యాపు వేసింది మనవరాలు. ఎప్పుడు తిరిగిందో అనుకున్నాను. తిరగలేదు. ఉపగ్రహం ఫొటో తెరిచి, ఇంటి పైకప్పులకు పసుపు పోసేసింది. ఒక్క సాయంత్రంలో ఊరైపోయింది. మేము అంత ఊరిని కొలిచి, ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకు ఎక్కించి, అమ్మోనియా ప్రింట్లు తీయడానికి నెలలు పట్టేది. పని చూస్తే శుభ్రంగా ఉంది. గీత తొణకలేదు. కానీ పుట్టపర్తి దారిలో గోధుమరంగు చౌకాలను బీళ్లు అని రాసింది. ‘అవి బీళ్లు కాదు పాపా, లేఅవుట్లు’ అన్నాను. పైనుంచి చూస్తే రాళ్లు పాతిన ప్లాటూ, పంట మానేసిన చేనూ ఒకే రంగు. కిందికి దిగి నడిస్తేనే కదా హద్దురాయి కాలికి తగిలేది.

ఇక్కడ రాయి ఎందుకు పడిందో కూడా నడిచినవాడికే తెలుస్తుంది. పుట్టపర్తికి విమానాలు దిగినాయి, 2000లో మన పక్కనే ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ వచ్చింది, 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమూ వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా రోడ్డు పక్క చేలల్లో తెల్లరాళ్లు మొలిచినాయి. లేఅవుట్లో నూటికి పది వంతులు ఖాళీ జాగా వదలాలన్నది రూలు. వదలకుండా అమ్మేసినచోట ఏమవుతుంది? 2020 క్రమబద్ధీకరణ రూల్స్ ప్రకారం ప్లాటు కొన్నాయన జాగా విలువలో 14 శాతం కట్టాలన్నారు. డబ్బు ఖజానాకు పోతుంది, పిల్లలు ఆడుకునే జాగా మాత్రం తిరిగి రాదు. ఇదొక్కటి క్లాసులో అరగంట చెప్తే చాలు కదా! సిలబస్‌లో ‘సుస్థిర పట్టణాభివృద్ధి’ అని ఉంది. ఆ మాట కింద ఏమైనా పడుతుంది, ఏమీ పడకపోనూ వచ్చు.

రాసిన అసైన్‌మెంట్లు తయారుగా అమ్ముతున్నారని కూడా తెలిసింది. పేరు మార్చుకుంటే చాలంట. 2018లో యూజీసీ కాపీల రూలు తెచ్చింది కానీ, అది థీసిస్‌లకూ పరిశోధన పత్రాలకూ, అసైన్‌మెంట్లను వదిలేసింది. పది శాతం దాకా పోలికుంటే పట్టించుకోరు, దాటితే మెట్టుమెట్టుగా శిక్ష. మిషన్ చూసి చెప్తుంది. ఊరు తిరగకుండా సొంత మాటల్లో రాసినవాణ్ణి ఏ మిషన్ పట్టుకుంటుందో నాకు చెప్పండి. మా ఆఫీసరయితే బూట్లు చూసి పట్టేసేవాడు.

ఇన్ని రూల్స్ డిప్లొమాకు. డిప్లొమా చేతికొచ్చాక? ఆర్కిటెక్టులకు 1972లో చట్టం వచ్చింది, కౌన్సిలుంది, రిజిస్ట్రేషన్ ఉంది. ప్లానర్లకు అట్లాంటి చట్టం లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 2021లో నీతి ఆయోగ్ రిపోర్టే చెప్పింది, రాష్ట్రాల్లో మంజూరైన టౌన్ ప్లానర్ పోస్టుల్లో 42 శాతం ఖాళీగా ఉన్నాయని, చట్టబద్ధమైన కౌన్సిల్ ఒకటి పెట్టాలని. పోస్టులు ఖాళీ పెట్టి, కోర్సుకు మాత్రం గడపలన్నీ తీసేసి, రమ్మంటున్నారు. రమ్మనడం తప్పని నేననను. నాలాంటి ఎల్.సి.ఇ. మనవరాలు తెలుగు మీడియం బి.ఏ. చేసి ఈ పుస్తకం ముట్టుకుంటుందని మా ఆఫీసర్లు ఒక్కరూ అనుకొని ఉండరు.

ప్రాజెక్టుకు ఏ విషయం తీసుకుంటావని అడిగితే ధర్మవరం నేతగాళ్ల ఇండ్లు అంది. పనీ కాపురమూ ఒకే కప్పు కింద ఉన్న వీధులు. నేను చెప్పిన కథే కారణమో, నెట్‌లో చూసిందో అడగలేదు. ఆదివారం బస్సుకు పోదాం, సందులన్నీ నేను చూపిస్తా, ముందు గట్టి చెప్పులు కొనుక్కో అన్నాను. చార్టు మీద వద్దు, అట్టకు బిగించిన షీటు మీదే రాయాలని కూడా చెప్పినాను. ‘ఫోన్‌లో యాప్ ఉంది తాతా’ అంది. ఉండనీ, అట్ట కూడా తీసుకో అన్నాను.

ఉత్సాహం పట్టలేక, గైడు పేరు రాయాల్సిన గడిలో నా పేరు రాయమన్నాను. నిదానంగా రూల్స్ చూసి చెప్పింది. గైడుకు పీజీ ఉండాలంట. ఫీల్డులో ఎన్నేండ్లు తిరిగినా ఎల్.సి.ఇ. చెల్లదంట. ఆ కాలంలో చదవడానికి పనికిరాలేదు, ఈ కాలంలో చదివించడానికి పనికిరాను. ప్రాజెక్టు రిపోర్టులో సహకరించినవారికి కృతజ్ఞతలు అని ఒక పేజీ ఉంటుంది, అందులో రాస్తాలే తాతా అంది. పదాల లిమిట్ ఎంత అని అడిగినాను.