విడుపు లేని ఆట

పెద్దల ఉద్యోగ జీవితంలో రొటీన్ వల్ల పుట్టే విసుగును ఆటపాటలతో పోగొట్టడానికి కంపెనీలు జరిపించే క్రతువును ఫన్ ఫ్రైడే అంటారు. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి దీనికి పుణ్యక్షేత్రాలు. వారం శుక్రవారం, ముహూర్తం సాయంత్రం నాలుగు, పౌరోహిత్యం హెచ్‌ఆర్‌ది. తంబోలా, అంత్యాక్షరి, కాగితపు కప్పులతో గోపురం కట్టడం ఇందులో నిత్యవిధులు. పండగలప్పుడు ట్రెడిషనల్ డే, ముగ్గుల పోటీ విశేషవిధులు. ప్రసాదం సమోసా. ఫలశ్రుతి ఏమంటే ఒత్తిడి తగ్గును, సృజన పెరుగును, రాజీనామాలు ఆగును.

ముహూర్తం నాలుగింటికే ఉండడానికి కారణం గ్రహగతి కాదు, భూగోళం. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదయ్యేసరికి హైదరాబాదులో వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. క్లయింటు నిద్ర లేచేలోపు ఉద్యోగి ఉల్లాసం పొందేసి, ముఖాన రంగు కడుక్కుని, కాల్‌లో కూర్చోవాలి. ఆటకు పోయిన గంట పనిలోంచి తగ్గదు, ఇంటికెళ్లే వేళకు కలుస్తుంది. తంబోలాలో మొదటి వరస గెలిచిన మనిషి రాత్రి తొమ్మిదింటికి క్యాబ్ కోసం నిలబడి ఉండటానికి ఇదే కారణం.

ఈ క్రతువుకు శాస్త్ర ప్రమాణం వెతికితే ఇబ్బంది ఎదురవుతుంది. డచ్ చరిత్రకారుడు యొహాన్ హౌజింగా 1938లో వెలువరించిన ‘హోమో లూడెన్స్’లో, ఆటకు మొదటి లక్షణం స్వేచ్ఛ అనీ, ఆజ్ఞ ప్రకారం ఆడేది ఆట కాదనీ తేల్చాడు. ఫ్రెంచి రచయిత రోజే కయ్వా 1958లో ఆటల మీద రాసిన పుస్తకంలో మరికొన్ని లక్షణాలు చెప్పాడు. వాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి. ఫలితం ముందే తెలిసిపోకూడదు. ఆట దేనినీ ఉత్పత్తి చేయకూడదు.

ఫన్ ఫ్రైడేను ఈ మూడు గీటురాళ్ల మీద గీసి చూడవచ్చు. మొదటిది స్వేచ్ఛ. ‘రావడం తప్పనిసరి కాదు’ అని మెయిల్‌లో ఉంటుంది, రాని వాళ్ల సంగతి అప్రైజల్‌లో ‘టీమ్ స్పిరిట్’ అనే గడిలో తేలుతుంది. రెండోది అనిశ్చితి. మేనేజరుగారు ఉన్న జట్టు ఓడిన దాఖలాలు అరుదు. మూడోది ఉత్పత్తి. గంటసేపటి ఆటకు నూటయాభై ఫొటోలు తయారవుతాయి, సోమవారానికల్లా అవి లింక్డిన్‌లో కంపెనీ సంస్కృతిగా చెలామణీ అవుతాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు పెద్దలు. ఇక్కడ ఎలుక చప్పట్లు కూడా కొట్టాలి.

క్రతువుకు సామగ్రి ఉంటుంది. అందులో బీన్ బ్యాగ్ ఒకటి. ‘సాక్కో’ పేరుతో 1968లో ఇటలీలో రూపుదిద్దుకున్న ఈ ఆసనంలో కూలబడటం తేలిక, లేవడం కష్టం. ఉద్యోగానికి ఇంతకన్నా నిజాయితీగల ప్రతీక ఆఫీసులో మరొకటి లేదు. ఇక డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ 1990లలో పురుడు పోసిన ‘లెగో సీరియస్ ప్లే’ ఉంది. ఇందులో పెద్దలు ప్లాస్టిక్ ఇటుకలతో వ్యూహాలు కడతారు. అయిదేళ్ల పిల్లవాడు అవే ఇటుకలతో రాకెట్ కట్టి, కాలితో తన్ని కూల్చేస్తాడు, ఎందుకు కట్టావని ఎవరూ అడగరు. పెద్దవాడు మాత్రం తను కట్టిన వంతెన దేనికి సంకేతమో అందరి ముందూ వివరించుకోవాలి.

పెద్దల రంగుల పుస్తకాలది మరో మెట్టు. స్కాట్లండ్ చిత్రకారిణి జొహానా బాస్‌ఫర్డ్ 2013లో తెచ్చిన ‘సీక్రెట్ గార్డెన్’ తర్వాత ఈ సరుకు ప్రపంచమంతా పాకింది. ఊహ, గీత ఆవిడవి. కొన్నవాడికి మిగిలిన సృజన గీత దాటకుండా రంగు వేయడం. ఆఫీసులో ఇరవై ఏళ్లుగా చేస్తున్నదీ అదే కాబట్టి చెయ్యి వణకదు.

ఈ కోవలో నిజాయితీగలదంటూ ఉంటే అది నవ్వుల క్లబ్బు. డాక్టర్ మదన్ కటారియా 1995లో ముంబైలో ఒక పార్కులో అయిదుగురితో దాన్ని మొదలుపెట్టారు. మొదట్లో జోకులు చెప్పుకునేవారు. అవి అయిపోయాక కారణం లేకుండానే నవ్వడం అలవాటు చేసుకున్నారు. పార్కుకు రాకపోతే జీతానికి ముప్పు లేదు. ఆఫీసులో మాత్రం ప్రతి నవ్వుకూ ఒక కారణం ఉంటుంది, అది సాధారణంగా మేనేజరు వేసిన జోకు.

అసలు ఆట రొటీన్‌కు బయట ఎక్కడో లేదు, దాని సందుల్లోనే మొలుస్తుంది. ఇంటిముందు ముగ్గు ఆడవాళ్లకు తప్పని చాకిరీయే. అయినా చుక్కలు ఎన్ని పెట్టాలో, మెలిక ఎటు తిప్పాలో నిర్ణయించేది వేసే చెయ్యే. మధ్యాహ్నానికి అది కాళ్లకింద చెరిగిపోతుంది, మర్నాడు కొత్తది పడుతుంది. అదే ముగ్గు ఆఫీసు లాబీలోకి వచ్చేసరికి దానికి థీమ్, టైమర్, ముగ్గురు న్యాయనిర్ణేతలు, మధ్యలో కంపెనీ లోగో తోడవుతాయి.

ఆఫీసులోనూ ఆట లేకపోలేదు. బాసుకు చాటుగా తగిలించిన ముద్దుపేరు, మీటింగులో ఆయన ఊతపదం ఎన్నిసార్లు దొర్లుతుందని పక్క సీటుతో కాసిన టీ పందెం అసలైన ఆటలు. ఎవరూ బలవంతపెట్టరు, లెక్క ఎంత తేలుతుందో ముందు తెలియదు, టీ తప్ప ఏమీ మిగలదు. హౌజింగా, కయ్వా ఇద్దరూ పాస్ మార్కులు వేస్తారు. ఈ సంగతి హెచ్‌ఆర్‌కు తెలియనంత కాలమే దానికి ఆయుష్షు. తెలిస్తే వచ్చే శుక్రవారానికి అదీ పోటీ అయిపోతుంది, విజేతకు కాఫీ మగ్గు.

తెలుగులో ఆటవిడుపు అనే మాట ఉంది. అందులో రెండు ముక్కలున్నాయి. కంపెనీలు మొదటి ముక్కను ధారాళంగా పంచుతూ, రెండోదాన్ని భద్రంగా బీరువాలో పెట్టుకున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవడానికి వీలు కల్పించింది, వారానికి 48 గంటల హద్దు మాత్రం ఉంచింది. ఉద్యోగి విసుగు మీద నిజంగా బెంగ ఉన్న సంస్థకు తంబోలా చీట్లు అచ్చు వేయించే ఖర్చు కూడా అక్కర్లేదు. ఆ హద్దును గౌరవించి, శుక్రవారం నాలుగింటికి గేటు తీస్తే సరిపోతుంది. ఏం ఆడుకోవాలో ఇంటికెళ్లినవాడు చూసుకుంటాడు. ఏమీ ఆడకుండా పడుకుంటే, అదీ విడుపే.